ఎడమ వైపు దారి

క్యాంపు హాస్టల్, మెట్ల పక్క గది
ఫిబ్రవరి

అక్కా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి బద్ధకం కారణం కాదు. కలం పట్టుకుంటే అసలు సంగతి జారిపోతుందని భయం. ఇవాళ ఆ భయం కన్నా లోపల దాచుకున్న ఉక్కిరిబిక్కిరి ఎక్కువైంది, అందుకే రాస్తున్నాను.

ముందు మంచి కబురు. బాస్కెట్‌బాల్ జట్టులో బంతి నడిపించే పని నాకే ఇచ్చారు. "నిన్ను చూసి కాదు, మిగతావాళ్లని చూసి ఇస్తున్నా" అంది మా కోచ్. ఆవిడకి మేం పెట్టుకున్న పేరు ఈల మేడం. స్నానానికి కూడా మెడలో ఈలతోనే వెళ్తుందని పుకారు. ఆవిడ నోటి నుంచి ఆ మాత్రం వచ్చిందంటే మెచ్చుకోలే. గదిలో నాతో ఉండే పిల్లని గడకర్ర అంటాం. రింగు కింద నిలబడి చెయ్యెత్తితే చాలు, ఇంకెవరూ బంతి ముట్టుకోలేరు. అదే పిల్ల రోజూ గుమ్మానికి నుదురు కొట్టుకుంటుంది, రోజూ గుమ్మాన్నే తిడుతుంది.

ఇక అసలు సంగతి. పోయిన నెల ప్రాక్టీసులో ఎడమ మోచేతి మీద పడ్డాను. వాపు తగ్గిపోయింది. కానీ చిటికెన వేలు, దాని పక్క వేలు నావి కాకుండా పోయాయి. మొదట తిమ్మిరి అనుకున్నా. ఇప్పుడు చొక్కా బొత్తాం పెట్టుకోవాలన్నా కుడిచేత్తోనే. కుడివైపు నుంచి వెళ్తే నన్నెవరూ ఆపలేరు. ఎడమవైపు వెళ్లాలంటే బంతి ఎక్కడుందో వంగి చూసుకోవాలి. బంతిని చూస్తూ నడిపిస్తే వీపు మీద చరిచేదానివి గుర్తుందా? ఇప్పుడు నువ్వుంటే నా వీపు విమానం మోతే.

బయట ఒక డాక్టరుకి చూపించాను. మోచేతి దగ్గర నరం నలిగిందట. ఆపరేషన్ చేసి ఆరు నెలలు ఆట మానమన్నాడు. ఆరు నెలలంటే ఒలింపిక్స్ పోయినట్టే. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే సాయంత్రానికి నా పెట్టె గేటు బయట ఉంటుంది. అమ్మకి కూడా చెప్పలేదు. చెబితే కుట్టుమిషన్ ఆపి ఇక్కడికే వచ్చి కూర్చుంటుంది. నీకొక్కదానికే చెప్పాను. కడుపులో పెట్టుకో.

నీ
పొట్టి

•

రేవు వీధి, ఇంజన్ల షెడ్డు పైన ఇల్లు
మార్చి

పొట్టీ,

ఎదురుగా ఉంటే ముందు చెంప పగలగొట్టి తర్వాత మాట్లాడేదాన్ని. నరం అంటే రిబ్బన్ అనుకున్నావా, తెగితే ఇంకో గజం కొనుక్కోవడానికి?

సరే, తిట్టినా నువ్వు మానవు. కనీసం ఇది చెయ్యి. పడుకునేటప్పుడు మోచెయ్యి ముడవకు. తువ్వాలు చుట్టి గుడ్డతో కట్టుకో, రాత్రంతా చెయ్యి చాపే ఉండాలి. మీ బావకి చెప్పాను. కంగారుపడకు, ఆయనకి చెబితే గోడకి చెప్పినట్టే. పడవ ఇంజన్లో వైరు నలిగితే మార్చేదాకా స్టార్టు చెయ్యనని అన్నాడు. మా చెల్లెలు ఇంజన్ కాదన్నాను. "అదే బాధ, ఇంజనైతే మాట వింటుంది" అన్నాడు.

ఇక్కడంతా మామూలే. మా బుడంకాయకి ముందు పన్ను ఊడింది. ఆ కన్నంలోంచి ఈల వేస్తోంది, మీ మేడానికి పోటీ. బళ్లో ఆడపిల్లలకి ఆటలు నేర్పిస్తున్నాను. నేనూ పొద్దున్నే కాస్త పరిగెత్తుతున్నాను, ఒళ్లు బరువెక్కింది.

ఒకటి అడగనా. నిన్నెవరైనా ఎడమవైపుకి తోస్తే ఏం చేస్తున్నావు? ఆగిపోతున్నావా, వెనక్కి తిరిగి చెయ్యి మార్చుకుంటున్నావా?

అక్క

•

క్యాంపు హాస్టల్
ఏప్రిల్

అక్కా,

తువ్వాలు కట్టుకుని పడుకుంటున్నాను. గడకర్ర అడిగితే చేతులు పొడుగవ్వడానికి అన్నాను. పాపం, నమ్మి అదీ కట్టుకుంటోంది. దానికి ఇంకా పొడుగెందుకో.

నువ్వడిగినదానికి జవాబు: ఆగను. ఎడమవైపు ఒక అడుగు వేసినట్టు వేసి, వెనక్కి తిరిగి కుడిచేతికి మార్చుకుంటాను. ఆ తిరగడంలో క్షణం పోతుంది. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టినవాళ్లు నా కుడివైపు తిష్ఠ వేసి కూర్చుంటే నా పని అయిపోయినట్టే.

ఇక్కడిదాకా రాసి భోజనానికి వెళ్లాను. తిరిగి వచ్చి రాస్తున్నాను.

భోజనాల గదిలో ఈల మేడం పేపరు చదువుతోంది. ఒలింపిక్స్‌కి వెళ్లే ఆఖరి చోటు కోసం మాతో పోటీ పడబోయే జట్ల పేర్లు వేశారు. నువ్వు కాపురానికి వెళ్లిన దేశం జట్టులో నీ పేరుంది. వయసు ముప్ఫై మూడు అని కూడా వేశారు. "ఈమె మీ అక్కే కదా?" అంది మేడం. అవునన్నాను.

పొద్దున్నే కాస్త పరిగెత్తుతున్నావా అక్కా? ఒళ్లు బరువెక్కిందా?

ఇప్పుడు నీ పోయిన ఉత్తరం తీసి మళ్లీ చదివాను. ఆ చివరి ప్రశ్న అక్కగా అడిగావా, ఇంకెవరుగానైనా అడిగావా? పైన రాసిన జవాబు చింపేద్దామనుకున్నాను. చింపితే నిన్ను అనుమానించినట్టే. చింపకపోతే నా అంత వెర్రిది లేదు. చింపకుండానే పంపుతున్నాను.

పొట్టి

•

రేవు వీధి
ఏప్రిల్ చివర

పొట్టీ,

అక్కగానే అడిగాను. అడిగేటప్పటికి పిలుపు వచ్చింది కానీ జట్టులో పేరు ఖాయం కాలేదు. ఖాయం కానిది చెప్పుకోవడం నాకిష్టం లేదు. ఎందుకో నీకు తెలుసు.

మన దగ్గర రెండుసార్లు ఆఖరి వడపోత దాకా వెళ్లాను. రెండుసార్లూ గోడకి అంటించిన కాగితంలో నా పేరు కోసం కిందనుంచి పైకి, పైనుంచి కిందకి చదివాను. రెండుసార్లూ ఇంటికొచ్చి, పెరట్లో నీకు బంతి నేర్పించాను. అప్పుడు నువ్వు నా నడుము ఎత్తు కూడా లేవు. "నువ్వెళ్లాల్సిన చోటికి నన్ను పంపుతావా?" అని అడిగావు. చిన్నపిల్లవి, తెలియక అడిగావు. నాకు అన్నం సహించలేదు.

పెళ్లయి ఇక్కడికొచ్చాక ఈ దేశం కాగితాలిచ్చింది. బడి పిల్లలతో ఆడుతుంటే ఇక్కడి కోచ్ చూశాడు. ఇదే నాకు మొదటిసారి, ఇదే ఆఖరిసారి కూడా. నువ్వు ఈసారి కాకపోతే నాలుగేళ్లకి వెళ్తావు. నాలుగేళ్లకి నేను బుడంకాయకి జడలు వేస్తూ ఉంటాను.

మా కోచ్ నన్ను పిలిచి, "మీ చెల్లెలి బలహీనత ఏంటి?" అన్నాడు. "ఆకలి" అన్నాను. గదిలో అంతా నవ్వారు. మళ్లీ అడగలేదు.

నీ చెయ్యి సంగతి నా నోటి వెంట రాదు. ఇది అక్క మాట.

అక్క

•

పోటీల ఊళ్లో లాడ్జి
మే

అక్కా,

మీ జట్టు బస్సు వెళ్లిపోయింది. కిటికీలోంచి చూశాను. నువ్వు వెనక సీట్లో ఒక్కదానివే కూర్చున్నావు.

మాట నిలబెట్టుకున్నావు. నీ నోటి వెంట ఏమీ రాలేదు. కానీ నీ కాళ్లకి ఎవరు చెప్పారు?

ఆ ఆఖరి చోటు తేల్చే ఆటలో మొదటి సగం బాగానే ఉంది. అక్కాచెల్లెళ్లు పెరట్లో ఆడుకున్నట్టే ఉంది. రెండో సగం మొదలవగానే నా కుడివైపు గోడ కట్టేశావు. నీ జట్టులో ఇంకెవరూ అలా ఆడలేదు, నువ్వొక్కదానివే. ఎడమవైపు బస్సు పోయేంత దారి వదిలావు. పోవే, ఎలా పోతావో చూస్తాను అన్నట్టు. నేను వెనక్కి తిరిగి చెయ్యి మార్చుకునే చోట ముందే నిలబడి ఉన్నావు. నా ఉత్తరంలో రాసినట్టే తిరిగాను. చదివినట్టే పట్టుకున్నావు. రెండు బంతులు నీ చేతిలో పెట్టాను.

ఆఖర్లో మేం ఒక్క పాయింటు వెనక. బంతి నా దగ్గర, ఎదురుగా నువ్వు. నీ కళ్లు చూశాను. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే రాత్రంతా మేల్కొన్న కళ్లే అవి. అవే నన్ను మింగేసేలా చూస్తున్నాయి. అప్పుడు నాకు పిచ్చి కోపం వచ్చింది. ఎడమవైపే వెళ్లాను. వేళ్లకి బంతి తెలియలేదు. అరచేత్తో తోసుకుంటూ వెళ్లి, అరచేత్తోనే విసిరాను. రింగు మీద తిరిగింది, తిరిగింది, లోపల పడింది.

జట్టంతా నా మీద పడ్డారు. గడకర్ర మోచెయ్యి తగిలి పెదవి చిట్లింది. ఒలింపిక్స్‌కి వెళ్తున్నాను అక్కా. జీవితంలో ఇంత పెద్ద రోజున ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తే, చెప్పుకోవాల్సింది నీకే, తిట్టాల్సిందీ నిన్నే.

చేతులు కలిపేటప్పుడు నా ఎడమ చెయ్యి పట్టుకోబోయావు. లాగేసుకున్నాను. బాధపడ్డావేమో. పడు.

దీనికి జవాబు రాయకు.

•

రేవు వీధి
జూన్

పొట్టీ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

మొదటి సగంలో నన్ను మూడుసార్లు దాటి వెళ్లావు. మూడోసారి మా బెంచీ మీంచి ఎవరో "ముసల్ది" అన్నారు. ఆ తర్వాత నా కాళ్లు వాటంతట అవే నీ కుడివైపుకి జరిగాయి. వాటంతట అవే అని రాశాను కానీ, కాళ్లకి ఉత్తరాలు చదవడం రాదు. నేనే జరిపాను. తెలిసే జరిపాను. ఒలింపిక్స్ అక్కడే, నీ భుజం వెనకాలే కనబడింది. నువ్వు కనబడలేదు.

ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు. ఎడమచేత్తో బాగా వేశావు. నేను నేర్పింది కాదది.

అమ్మ రాసింది. ఎవరు గెలిచినా తనకి ఒకటేనని వీధంతా చెప్పి, ఆట మొదలవగానే రేడియో ఆపేసి మిషన్ తొక్కుతూ కూర్చుందట. సాయంత్రానికి చూస్తే స్కూలు చొక్కా ఒకదానికి రెండు చేతులూ ఒకే వైపు కుట్టేసిందట.

అక్క

(ఈ కింద వేరే చేతిరాత)

మరదలు పిల్లకి,

మీ అక్క దీన్ని పోస్టు చెయ్యమని నా చేతికిచ్చింది. అంటించే ముందు ఈ నాలుగు ముక్కలు నేను కలుపుతున్నాను. నాకు రాయడం రాదు, తప్పులుంటే దిద్దుకో. మీ అక్క ఏమీ చెప్పలేదు కాబట్టి నేను చెప్పాలి. ఇక్కడ జనం తను నీకు కావాలని దారి వదిలిందంటున్నారు. ఎడమవైపు అంత ఖాళీ వదలడం బడిపిల్ల కూడా చెయ్యదని పేపర్లో బొమ్మ వేసి మరీ చూపించారు. చెల్లెలి కోసం దేశాన్ని అమ్ముకుందని రేవులో నా మొహం మీదే అన్నారు. బళ్లోంచి ఆపేశారు. ఆటల సంఘంవాళ్లు విచారణ పెట్టారు. ఎడమవైపు ఎందుకు వదిలావని అడిగితే "లెక్క తప్పింది" అంటుంది. నీ చెయ్యి సంగతి ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. చెప్పదు. నన్ను చెప్పనివ్వదు. నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. తెలియాలని రాశాను, అంతే.

బావ

•

ఒలింపిక్స్ క్యాంపు, కొండ కింద హాస్టల్
జూన్ చివర

అక్కా,

బావ రాసింది చదివాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికెళ్లాలో తెలియదు. నిన్న ప్రాక్టీసుకి రెండు కాళ్లకీ రెండు రకాల బూట్లు వేసుకుని వెళ్లాను.

నీ మీద కోపంగా ఉండటం ఎంత హాయిగా ఉండేదో! అదీ లాక్కున్నావు.

ఎందుకు చెప్పవు? "దాని ఎడమ చెయ్యి పనిచెయ్యదని నాకు తెలుసు, అందుకే కుడి మూశాను" అంటే అయిపోతుంది కదా! నా రహస్యం వాడుకోవడానికి అడ్డురాని మాట, నీ ఉద్యోగం కాపాడుకోవడానికి అడ్డొచ్చిందా?

రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా నీ దగ్గర దాచి ఏం లాభం? నేను చెప్పాలి. నేను చెబితేనే నమ్ముతారు. కానీ ఇప్పుడు చెబితే మేడం నన్ను తీసేసి ఇంకొకరిని పెడుతుంది. పేర్లు ఇంకా పంపలేదు. ఒలింపిక్స్ అయ్యేదాకా ఆగగలవా? అవగానే ఎవరి ముందైనా చెబుతాను, మైకు పట్టుకుని చెబుతాను. ఆగగలవా అక్కా?

ఇది అడిగే మొహం నాకెక్కడిదో తెలియదు. ఆ రోజు నీకు కనబడినట్టే, ఇప్పుడు నాకూ ఒలింపిక్స్ ఒక్కటే కనబడుతోంది.

పొట్టి

•

రేవు వీధి
జూలై

పొట్టీ,

మీ బావ నా ఉత్తరానికి తోక తగిలించాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఒక పూట మాట్లాడలేదు. ఇక మీదట నా ఉత్తరాలు నేనే డబ్బాలో వేసుకుంటాను.

ఆగగలను. ఆగడం నాకు బాగా అలవాటు. నువ్వు చెప్పకు, వెళ్లి ఆడు. నీ కోసమే అనుకోకు. నువ్వు ఆగిపోతే, నేను చేసిన పనికి అటూ ఇటూ ఏమీ మిగలదు. ఇద్దరిలో ఒక్కరైనా ఆ గడప తొక్కాలి.

నాకేం లోటు లేదు. షెడ్డులో మీ బావకి సాయం చేస్తున్నాను. ఇంజన్ ముక్కలు కిరసనాయిలులో కడగడం నా పని. ఆటల టీచరు గోళ్లు ఇంత నల్లగా ఉంటాయని ఎవరూ అనుకోరు. నిన్న బడి పిల్ల ఒకతి షెడ్డు దగ్గర సైకిలాపింది. "టీచర్, మీరు నిజంగా వదిలేశారా?" అంది. "నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. "మా నాన్న వదిలేశారంటున్నాడు. నా పుట్టినరోజని చెప్పినా నన్ను ఒక్క బుట్ట వెయ్యనివ్వలేదు, చెల్లెలికి ఎందుకు వదుల్తారు అన్నాను" అంది. ఈ ఊళ్లో నన్ను సరిగ్గా అర్థం చేసుకున్నది ఆ పిల్లొక్కతే.

విచారణ ఎప్పుడో ఇంకా తేల్చలేదు. నువ్వు దాని గురించి ఆలోచించకు. చెయ్యి చాపి పడుకో.

అక్క

•

ఒలింపిక్స్ క్రీడాగ్రామం
ఆగస్టు

అక్కా,

విచారణ ఎప్పుడో తేల్చలేదా? అబద్ధాలు రాయడంలో ఇద్దరం ఒక తల్లి పిల్లలమే.

పోయిన వారం జెండా వెనక నడిచాం. మైదానంలో అడుగు పెట్టగానే జనం హోరు కాళ్లలోకి ఎక్కింది. అందరూ రెండు చేతులూ ఊపుతున్నారు. నేను కుడిచెయ్యి ఊపాను. ఏడుపు రాలేదు. వస్తుందని చిన్నప్పటి నుంచీ అనుకున్నాను.

ఆ మర్నాడు భోజనాల హాల్లో పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. ఆ హాల్లో ప్రపంచమంతా తింటూ ఉంటుంది. నా ముందు వరసలో మీ దేశం వాలీబాల్ పిల్లలు. నా బనీను మీద పేరు చూసి ఒకతి నవ్వింది. "చెల్లెలు గారా? మీ అక్క పుణ్యమా అని ఇక్కడ తింటున్నారన్నమాట" అంది. రెండో పిల్ల దాని చెయ్యి గిల్లి, "ఊరుకోవే, వచ్చే వారమే విచారణట. ఆమెని ఇక ఏ బళ్లోనూ అడుగు పెట్టనివ్వరట" అంది. పళ్లెం అక్కడే పెట్టేసి వచ్చేశాను.

మేడం సామాన్ల గదిలో బంతులకి గాలి కొడుతోంది.

"మేడం, నా ఎడమ చేతిలో రెండు వేళ్లు పనిచెయ్యవు" అన్నాను.

పంపు ఆపలేదు. "ఎప్పట్నుంచి?"

"జనవరి నుంచి."

అప్పుడు ఆపింది. "మరి ఆ ఆఖరి బుట్ట?"

"అరచేత్తో వేశాను. మా అక్కకి నా చెయ్యి సంగతి తెలుసు. అందుకే కుడి మూసింది. దారి వదల్లేదు మేడం. నన్ను చావగొట్టాలనే చూసింది."

మేడం ఆ బంతిని నొక్కి చూసి పక్కన పడేసింది. తర్వాత అంది: "నాకు చెప్పాల్సింది మీ అక్కకి చెప్పావు. మీ అక్కకి చెప్పకూడనిదే చెప్పావు. పేర్లు పంపేశాం కాబట్టి బతికిపోయావు, లేకపోతే ఇవాళే ఇంటికి పంపేదాన్ని. బెంచీ మీద కూర్చో."

జట్టు డాక్టరు చెయ్యి పరీక్ష చేసి రాసిచ్చాడు. నా మాట నేను రాశాను. రెండూ మేడమే దగ్గరుండి మీ ఆటల సంఘానికి పంపించింది. నాతో మాట్లాడటం మాత్రం మానేసింది. గడకర్రా మానేసింది. తువ్వాలు సంగతి తెలిసి, "నన్ను కూడా వెర్రిదాన్ని చేశావు కదే" అంది. అన్నిటికన్నా ఆ మాటే ఎక్కువ తగిలింది.

ఇంతా చేసి నాకు గుండె తేలికపడలేదు. అలా పడుతుందంటారు కదా, అబద్ధం. బెంచీ అంచున కాళ్లు ఆడిస్తూ కూర్చుంటున్నాను. రెండు ఆటలు అలాగే అయిపోయాయి. రెండూ ఓడిపోయాం.

పొట్టి

•

రేవు వీధి
ఆగస్టు చివర

పొట్టీ,

చెప్పొద్దన్నాను. నువ్వు నా మాట విన్నదెప్పుడు?

విచారణ గదిలో పొడుగాటి బల్ల, దాని వెనక అయిదుగురు. నువ్వు రాసింది పైకి చదివారు. నీ రాత అంత బాగుంటుందని నాకు తెలియదు. "మా అక్క నన్ను వదలలేదు. నా గురించి ఎవరికీ తెలియనిది తనకి తెలుసు, దానితోనే నన్ను కొట్టింది" అన్న చోట చదివేవాడి గొంతు తగ్గింది. పెద్దాయన కళ్లజోడు తీసి, "అంటే చెల్లెలు నమ్మి చెప్పుకున్న రహస్యాన్ని ఆమె మీదే వాడారన్నమాట?" అన్నాడు. "అవునండీ" అన్నాను. "మా జట్టు గెలవడానికే కదా?" అన్నాడు. "అవునండీ" అన్నాను. అయిదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకాయన చప్పట్లు కొట్టబోయి ఆగాడు.

అంతే. బళ్లోకి తిరిగి తీసుకున్నారు. మొన్నటిదాకా మొహం తిప్పుకున్న కొట్టువాడు, "మీలాంటివాళ్లే కావాలమ్మా దేశానికి" అన్నాడు. సామాను తీసుకోకుండా వచ్చేశాను. దేశద్రోహిని కాదని తేల్చారు. అక్కగా పనికిరానిదాన్నని కూడా తేల్చి, ముద్ర వేసి మరీ ఇచ్చారు.

రేవు క్యాంటీన్లో టీవీ ముందు కూర్చుంటున్నాం. నిన్ను దింపలేదు. కెమెరా ఒకసారి బెంచీ మీదుగా పోయింది. మెడలో తువ్వాలు, గోరు కొరుకుతున్నావు. బుడంకాయ "పిన్నీ!" అని కుర్చీ ఎక్కింది. నేను బయటికి వెళ్లి నిలబడ్డాను. నీ చోటు నేను ఆటలో లాక్కోలేకపోయాను, ఇంట్లో కూర్చుని లాక్కున్నాను.

క్షమించమని ఉత్తరంలో అడగను. ఒకటి మాత్రం నిజం చెప్పు. నా చోట నువ్వుంటే ఏం చేసేదానివి?

అక్క

•

ఒలింపిక్స్ క్రీడాగ్రామం, సామాన్లు సర్దుతూ
సెప్టెంబరు

అక్కా,

ఆఖరి ఆట మీ టీవీలో వచ్చిందో లేదో. ఎందుకూ కొరగాని చోటు కోసం ఆడిన ఆట, చూపించి ఉండరు. అందుకని నేనే చెబుతాను.

ఇంకాసేపట్లో అయిపోతుందనగా మా జట్టులో ఒక పిల్లకి మడమ బెణికింది. బెంచీ మీద మిగిలింది నేనే. మేడం నా వైపు చూడకుండానే, "వెళ్లు" అంది. నా సంగతి అప్పటికే పేపర్లలో వచ్చేసింది కాబట్టి, నేను దిగీ దిగగానే అవతలివాళ్లు నా కుడివైపు మూసేశారు. ఒకరు కాదు, ఇద్దరు. నవ్వొచ్చింది. నీ దగ్గర తిన్న దెబ్బ ముందు అదొక దెబ్బా?

మొదటిసారి ఎడమవైపు వెళ్తే బంతి పోయింది. జనం నవ్వారు. రెండోసారీ ఎడమవైపే వెళ్లాను. ఈసారి బుట్టకి వెయ్యలేదు. అరచేత్తో వెనక్కి తోశాను. గడకర్ర అక్కడ ఉంటుందని తెలుసు. ఉంది. వేసేసింది. పరిగెత్తుకుంటూ వచ్చి, ఇన్నాళ్లూ మాట్లాడని పిల్ల, నా నెత్తి మీద ఠపీమని కొట్టి వెళ్లిపోయింది. మూడోసారి, నాలుగోసారి కూడా అంతే. ఆట ఓడిపోయాం. ఒలింపిక్స్ రికార్డులో నా పేరు ఉంటుంది, దాని ఎదురుగా సున్నా ఉంటుంది. ఎవరైనా ఎన్ని పాయింట్లు వేశావని అడిగితే చెప్పుకోవడానికి ఏమీ లేదు. కానీ ఆ కాసేపు మాత్రం, జనవరి తర్వాత మొదటిసారి, నేను దేన్నీ దాచుకోకుండా ఆడాను.

బయటికి వస్తుంటే మేడం, "ఆపరేషన్ చేయించుకో. వేళ్లు వస్తే రా. రాకపోయినా వచ్చి కనపడు" అంది. నరం ఇన్నాళ్లు నలిగింది కాబట్టి వేళ్లు పూర్తిగా రాకపోవచ్చని డాక్టరు అన్నాడు. రాకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను.

నువ్వడిగినదానికి జవాబు. నీ చోట నేనుంటే మొదటి సగం దాకా కూడా ఆగేదాన్ని కాదు. మొదటి బంతికే నీ కుడివైపు మూసేసేదాన్ని. నిన్ను క్షమించడానికి ఇన్ని నెలలు పట్టింది అనుకున్నాను కానీ, అసలు ఈ సంగతి ఒప్పుకోవడానికి పట్టింది. నువ్వు నాకన్నా మంచిదానివై ఉండాలని నా ఆశ. నాలాంటిదానివేనని తెలిసి తిక్క పుట్టింది.

ఆపరేషన్ మీ ఊళ్లోనే చేయించుకుంటాను. బావని కనుక్కోమను. అమ్మకి నేనే చెబుతాను, ఆ తిట్లన్నీ నాకే. వచ్చే ఆదివారం పడవకి వస్తున్నాను. ఆపరేషన్‌కి ముందు ఒక సాయంత్రం మీ బడి మైదానంలో ఆడదాం. నా ఎదురుగా నిలబడు. కుడివైపు పూర్తిగా మూసెయ్. జాలిపడి ఒక్క అంగుళం వదిలావో, మర్నాడే తిరుగు పడవ ఎక్కేస్తాను.

నీ
పొట్టి